నీళ్ళప్ప గుంత

మొన్న చోరనూరు వైపు పోయే బస్సులో కిటికీకి తల ఆనించి కునుకు తీస్తుంటే, కండక్టరు కేక వేశాడు. “నీళ్ళప్ప గుంత! యారప్పా ఇళియోరు? బేగ బన్రి!” దిగేవాళ్ళు త్వరగా రమ్మని ఆ కన్నడ కేకకు ఉలిక్కిపడి లేచాను. నా వెనక సీట్లో ఎవరో కొత్త పెళ్ళికొడుకు భార్యకు స్థలపురాణం చెబుతున్నాడు. నీళ్ళప్ప అంటే ఒకప్పుడు ఇక్కడ పెద్ద రైతట, ఊరికి నీళ్ళు దానమిచ్చాడట. ఆ పిల్ల భక్తిగా కిటికీలోంచి చూసింది. నాకు నవ్వాగలేదు. నీళ్ళప్ప రైతు కాడు, దాత అసలే కాడు. సముద్రం అడుగున కోట కట్టుకున్న దుర్మార్గుడు. సముద్రం లేని ఈ జిల్లాకు అతన్ని తెచ్చి కాపురం పెట్టించింది, సముద్రం మొహమే చూడని మా మేనత్త.

అత్త వారమంతా జాకెట్లు కుట్టేది, ఆదివారం మా చర్చిలో సండే స్కూలు నడిపేది. మిషన్ దొరసానులు వదిలిపోయిన బీరువాలో ఆమెకు అట్ట ఊడిన పిల్లల పుస్తకం ఒకటి దొరికింది. నిండా బొమ్మలు: సముద్రగర్భంలో సింహాసనం, దాని మీద జెల్లచేప మీసాల మాంత్రికుడు, చుట్టూ వాడు ముంచి పట్టుకున్న మనుషులు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. అత్తకు వచ్చిన ఇంగ్లీషు టేపు మీద అంగుళాల దాకానే. అందుకని బొమ్మలు చూసి కథ తనే కుట్టేసింది. మునిగినవాళ్ళు చచ్చిపోతారంటే చిన్నపిల్లలు ఏడుస్తారని, “సావరు, ఆయప్ప కోటలో గవ్వలు తోముతా బతికే ఉంటారు” అని మెత్తటి అతుకు కూడా వేసింది.

అవి ఇనుప గనుల రోజులు. లారీల దుమ్ముకు మా కాలనీలో కాకులు కూడా ఎర్రగా ఉండేవి. తెల్లచీర తెల్లగా ఉండేది ఆదివారం ఆరాధన అయ్యేదాకానే. పొలాలను కూడా ఖనిజం కోసం తవ్వి వదిలేశారు. మా వెనకున్న గుంత వానలకు నిండి, టీ రంగు నీళ్ళతో పిల్లల్ని పిలిచేది. తిట్టినా, కొట్టినా ఈతలు ఆగలేదు. అప్పుడు అత్త మాంత్రికుణ్ణి సముద్రం నుంచి ఆ గుంతలోకి బదిలీ చేసింది. పేరు నీళ్ళప్ప. మా వైపు దయ్యానికైనా ‘అప్ప’ తగిలించకపోతే మర్యాద కాదు. ఒక్క ఆదివారంతో ఈతలు బందయ్యాయి.

అంతా బాగానే ఉండేది, నేను లేకుంటే. కంఠస్థ వాక్యాల్లో మొదటి బహుమతి ఎప్పుడూ నాదే. బహుమతి సబ్బుపెట్టె కాబట్టి మా ఇంట్లో సబ్బులకంటే సబ్బుపెట్టెలే ఎక్కువ. అంత శ్రద్ధగా వినే పిల్లను. అలాంటి నా మేకపిల్ల ఒకరోజు నీళ్ళు తాగబోయి ఆ గుంతలో జారి, నా కళ్ళముందే మునిగిపోయింది. ఇంట్లో అందరూ అయ్యో అన్నారు. నేను మాత్రం ఏడవలేదు. మునిగినవాళ్ళు చావరు కదా! కోటలో మేక గవ్వలెలా తోముతుందన్నదొక్కటే నా దిగులు. మరునాడు సాయంత్రం జొన్నరొట్టెలో చెనిక్కాయల పొడి చుట్టుకుని, అది నీళ్ళప్పకిచ్చి మేకను విడిపించుకుందామని గుంతలో దిగాను.

నీళ్ళు నడుము దాటాయి. కాలికింద మట్టి జారుతోంది. గట్టు మీద నుంచి అత్త గొంతు వినిపించింది, వింతగా, నెమ్మదిగా.

“ఏం చేస్తాండావే ఆడ?”

“నీళ్ళప్పతో మాట్లాడతాండా అత్తా. మేకను ఇడ్సమని.”

అత్త అరవలేదు. ఆమెకు ఈత రాదు. నేను బెదిరి ఒక్క అడుగు లోతుకు వేస్తే అంతే. “రొట్టె నువ్విస్తే తీసుకోడే ఆయప్ప, పెద్దోళ్ళే ఇయ్యల్ల. ఇట్లా తే, నేనిస్తా” అంది. సబబుగానే తోచింది. గట్టెక్కి రొట్టె అందించాను. రొట్టె వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. చెంప పగిలేలా ఒకటిచ్చింది. ఆపైన నన్ను కరుచుకుని అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ ఆదివారం సండే స్కూలుకు చర్చి పెద్దలు కూడా వచ్చి వెనక కూర్చున్నారు. దేవుని మందిరంలో దయ్యం కథలేమిటని అప్పటికే వాళ్ళకు గుర్రు. అత్త నిలబడి, “మీకు నేను అబద్ధం చెప్పినా” అంది. పెద్దలు తృప్తిగా సర్దుకున్నారు. “మునిగినోళ్ళు బతుకుతారంటి. బతకరు. ఈ పిల్ల మేక సచ్చిపోయింది, ఇంగ రాదు. ఆ అతుకు నేనే ఏసినా, నేనే ఇప్పతాండా. నీళ్ళప్ప పట్టుకుంటే ఇడ్సేది లేదు.” అప్పుడు ఏడ్చాను, మేక కోసం.

మర్నాటి నుంచి అత్త కుట్టుమిషను మూసి, సాయంత్రం పూట మా ఇరవైమంది పిల్లల్నీ గని కాంట్రాక్టరు ఆఫీసు గేటుకు తీసుకుపోయింది. గుంతకు కంచె కావాలంది. సూపర్వైజరు నవ్వాడు. “ఎవురమ్మా ఈ నీళ్ళప్ప? ఆయప్ప పేర్లో పట్టా ఉండాదా?”

“లోపలికి పోయినోళ్ళంతా ఆయప్ప పట్టానే సార్. కంచె పడేదాకా సండే స్కూలు ఈడే, రోజూ.”

మేం లారీల దారికి అడ్డంగా కూర్చుని పాటలందుకున్నాం. నా గొంతు గురించి చెప్పుకోను గానీ, డ్రైవర్లు హారన్లు ఆపి చెవులు మూసుకున్నారు. నాలుగోరోజు కంచె పడింది. బోర్డు రాసే పెయింటరు గుంత పేరేమని అడిగితే, మేమంతా ఒక్క గొంతుతో చెప్పాం. లారీవాళ్ళు ఆ బోర్డును గుర్తు పెట్టుకున్నారు, తర్వాత బస్సువాళ్ళు. మా కాలనీలో ఒక్క తల్లికీ ఆ గుంత కడుపుకోత పెట్టలేదు.

ఇప్పుడు లారీలు లేవు, కాంట్రాక్టరు లేడు, కంచె తుప్పు పట్టి రాలిపోయింది, అత్త కూడా లేదు. వెనక్కి తిరిగి ఆ పెళ్ళికొడుక్కి అసలు సంగతి చెబుదామనుకుని ఊరుకున్నాను. గుట్టలకు గుట్టలనే మోసుకుపోయిన ఆ కాలం, మా అత్త ఆ గుంతలో కూర్చోబెట్టిన ఒక్క మనిషిని మాత్రం కదపలేకపోయింది.