ఏ బాషా?

మైకు కీచుమన్నప్పుడల్లా ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. బుచ్చిరెడ్డిపాలెం మైదానంలో ఒక సాయంత్రం అదే మైకులో నేను ఒక మనిషికి పేరు లేకుండా చేశాను. “సాయిబు పడ్డాడు, సాయిబును మోసుకుపోతున్నారు” అన్నాను. తప్పని తట్టనైనా లేదు. ఊళ్ళో అందరం అలాగే అనేవాళ్ళం.

ఆ మైకు దేవదానం గారిది. పంతొమ్మిది వందల అరవైలలో రేడియోలో ఆయన ఆట చెబుతుంటే కాఫీ హోటళ్ళలో గ్లాసుల చప్పుడు ఆగిపోయేది. అంత పేరొచ్చాక కూడా ఏటా మా చెడుగుడు పోటీలకు వచ్చేవారు. ఆట మొదలయ్యేలోపు ఆటగాళ్ళ మధ్య నేలమీద కూర్చుని, ఒక్కొక్కరి పేరూ, ఇంట్లో పిలిచే పేరూ అడిగేవారు. బడిపంతులునైన నాకు అది పెద్దాయన చాదస్తంలా కనిపించేది. ఆ రోజు సోడా తాగుతూ “కాసేపు నువ్వు చెప్పబ్బయా” అని మైకు నా చేతికిచ్చారు.

మా జట్టులో అన్నదమ్ములిద్దరు ఆడుతున్నారు, ఖాదర్‌బాషా, చాంద్‌బాషా. కూతకు వెళ్ళిన ఖాదర్ కాలు మడతపడి కూలిపోయాడు. నేను సాయిబన్నాను. వాళ్ళ తల్లి మస్తాన్‌బీ ఎన్నడూ మైదానానికి వచ్చేది కాదు, పక్క వీధిలో అరుగు మీద కూర్చుని లౌడుస్పీకరు వినేది. నా మాట విని చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది. జనం అడ్డం.

“ఏ బాషా నాయనా? పెద్దోడా, చిన్నోడా?” అని దొరికిన వాళ్ళనల్లా అడుగుతోంది.

దేవదానం గారు మైకు తీసుకున్నారు. నావైపు చూడనైనా లేదు.

“మస్తాన్‌బీ అక్కా, పడినోడు మీ పెద్దోడు ఖాదర్. కాలు మడతపడింది, అంతే. లేచి కూర్చోని నీళ్ళు తాగతా ఉండాడు. చాంద్ పక్కనే ఉండాడు. కంగారు పడబాక. అబ్బయలారా, అక్కకు దారియ్యండి.”

అంత జనంలో ఆయన ఒక్క మనిషితో మాట్లాడారు. జనం రెండుగా చీలిపోయారు.

ఆట అయ్యాక క్షమించమన్నాను. ఆయన నవ్వారు. “మాది కృష్ణపట్నం గదా. గాలివానప్పుడు ఆడోళ్ళు ఒడ్డున నిలబడుండేవోళ్ళు. నాకు దూరం చూపు బాగా ఆనేది. పడవొస్తా ఉందంటే సరిపోతుందా? ఎవురి మొగుడొస్తా ఉండాడో చెప్పాల. పేరుపేరునా అరిచేవాణ్ణి. రేడియోలో ఇప్పుడు చేస్తా ఉండేదీ ఆ పనే.”

దీపాలు పెట్టే వేళకు వాళ్ళింటికి వెళ్ళాను. మస్తాన్‌బీ కొడుకు కాలికి పట్టు వేస్తోంది. తప్పయిందన్నాను.

“మా ఇంట్లో నలుగురు సాయిబులుండారు పంతులూ” అంది తలెత్తకుండా. “ఎవురికోసమని ఏడ్చేది?”

“నా కాలికన్నా మా అమ్మ కాళ్ళే ఎక్కువ వాచినాయి సార్” అన్నాడు ఖాదర్. ఆమె నవ్వలేదు.

మరుసటి ఏడు దేవదానం గారికి రేడియో పని పడి, నన్నే చెప్పమని కబురంపారు. ఆటగాళ్ళ మధ్య నేలమీద కూర్చున్నాను, అందరి పేర్లూ అడిగాను. మైకు అందుకుని, ఆట మొదలుకాకముందే అన్నాను:

“మస్తాన్‌బీ అమ్మా, ఖాదర్ కుడిపక్క ఉన్నాడు, చాంద్ ఎడమపక్క. ఇద్దరూ బాగున్నారు.”