మిరప కల్లంలో ఇంగ్లీషు పరీక్ష

మా బజార్లో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళెవరని అడిగితే నన్నే చూపిస్తారు. నేను పక్కన ఉన్నప్పుడు చూపిస్తారు. గురజాల కోర్టులో ప్లీడరు గుమాస్తాగా నా ఉద్యోగమంతా ఇంగ్లీషులోనే గడిచింది. ఇంగ్లీషు కాగితాల మధ్య గడిచింది అంటే ఇంకాస్త సరిగ్గా ఉంటుంది. వాటిని చదివింది ప్లీడరుగారు. దారంతో కుట్టింది నేను.

అందుకని మా తమ్ముడి మనవరాలు ఇంగ్లీషు పరీక్ష తప్పిందని తెలిసిన రోజు ఇంటిల్లిపాదీ ఆశగా నావైపు చూశారని రాయాలని ఉంది. ఎవరూ చూడలేదు. నేనే గొంతు సవరించుకున్నాను.

ఆ పిల్ల వ్యవసాయ డిగ్రీ చదివింది. ఆ మధ్య నల్లతామర పురుగు వచ్చి మా మిరప తోటల్ని పూతలోనే తినేస్తుంటే మేమంతా మందుల షాపుకు పరిగెత్తాం. అది మాత్రం భూతద్దం పట్టుకుని పువ్వుల్లోకి తొంగిచూస్తూ కూర్చుంది. అప్పటినుంచి దానికి ఆ పురుగు యావే. ఇంగ్లండులో ఒక యూనివర్సిటీవాళ్ళు ఆ పురుగుల చదువుకే సీటిచ్చారు. ఇచ్చి, ఒక మెలిక పెట్టారు. ఇంగ్లీషు పరీక్షలో మొత్తం మీద ఆరున్నర రావాలి, ఏ భాగంలోనూ ఆరుకు తగ్గకూడదు. వినడం, చదవడం, రాయడం మూడూ అవలీలగా దాటేసింది. మాట్లాడటంలో ఐదున్నర దగ్గర చతికిలపడింది. గడువు లోపల ఇంకొక్కసారి రాయడానికి వీలుంది. అదీ పోతే సీటు ఇంకొకరిది.

నాకు ఆశ్చర్యమేసింది. మా ఇంట్లో అందరికంటే నోరున్నది దానికే.

"ఏందే, ఏమడిగాడు ఆ పరీక్ష పెట్టినాయన?" అన్నాను.

"నీకు గర్వంగా అనిపించే పని ఒకటి చెప్పమన్నాడు తాతయ్యా. రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలంట."

"నువ్వేం చెప్పావు?"

"తెల్లజుట్టు పెద్దాయన. ఆయన ఎదురుగా కూర్చుని నేనింత, నేనంత అని చెప్పుకుంటానా? ఏదో చదివానండీ, అంతా పెద్దల ఆశీర్వాదం అన్నా."

"ఇంగ్లీషులోనా?"

"ఇంగ్లీషులోనే. తర్వాత తల దించుకున్నా. ఆయన గడియారం చూశాడు. నేనూ చూశా."

రోగం ఎక్కడుందో తెలిసింది. ఇంటినిండా బస్తాలున్నా, పంటెట్టుందని ఎవరైనా అడిగితే "ఏదోలే, గింజలకి ఇబ్బంది లేదు" అనే ఊరు మాది. కూతురు క్లాసులో ఫస్టొచ్చినా "ఏదో పోతాంది బడికి" అంటుంది తల్లి. ఉన్నదున్నట్టు చెప్పుకుంటే దిష్టి. పెద్దల ముందు చెప్పుకుంటే పొగరు. దాన్ని పుట్టినప్పటినుంచీ అట్లాగే పెంచాం. మా పెంపకానికి ఆ పెద్దమనిషి ఐదున్నర వేశాడు.

ఈ పల్నాడులో ఆ మర్యాద అంటకుండా పెరిగిన మనిషిని నేనొక్కణ్ణే. అమరావతి రేవులో, వరద రోజుల్లో, కృష్ణను అడ్డంగా ఈది అవతలి ఒడ్డెక్కినవాణ్ణి. ఆ సంగతి తెలియనివాళ్ళు మా మండలంలో లేరు. ఉంటే నాకు చెప్పండి, వెళ్ళి చెప్పొస్తాను.

"గొప్పలు చెప్పుకోవడం నేన్నేర్పుతా పదవే" అన్నాను.

అవి మిరపకాయలు కల్లంలో ఆరుతున్న రోజులు. కూలికొచ్చిన ఆడవాళ్ళు తలగుడ్డలు చుట్టుకుని, వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. తాలంటే రంగు పోయి తెల్లబడిన కాయ. ఎర్రకాయల్లో అది కనపడిందంటే కొనేవాడు మొహం తిప్పేసుకుంటాడు. ఆ ఘాటులో నేను ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, కండువాను టైలాగా ముడేసుకుని, దొరనై కూర్చున్నాను. ఎదురుగా బోర్లించిన గంపమీద మా పిల్ల. కల్లంలో అది తెలుగు మాట్లాడకూడదని షరతు పెట్టాను.

"ఊఁ, నీ గొప్ప చెప్పు."

"ఐ యామ్..." అని ఆగింది. పెదవి కొరుక్కుంది. "ఐ యామ్... నథింగ్, తాతయ్యా."

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. వాళ్ళ ముఠాకి పెద్దామె ఒకావిడ ఉంది, నా ఈడుదే. "ఆ పిల్లనెందుకు చంపుతావు పెద్దయ్యా? నువ్వు చెప్పు, మేం వింటాం. నీకైతే అడ్డూ ఆపూ ఉండదు" అంది.

సరే, గొప్పలంటే ఎట్లా ఉండాలో చూపిద్దామని మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు అంతదూరం రాదు గనక తెలుగులోనే. ఒకనాడు కోర్టులో ఒక పాత దస్తావేజు జడ్జిగారికి కొరుకుడు పడలేదనీ, ప్లీడర్లందరూ బిక్కమొహాలేశారనీ, అప్పుడు జడ్జిగారు నన్ను వేలితో పిలిచి, దగ్గరికి రమ్మని...

"నో తాతయ్యా! దట్ ఈజ్ నాట్ ట్రూ!"

లేచి నిలబడింది. ఇక చూడండి. జడ్జిగారు నన్ను పిలిచింది కిటికీ మూయమని చెప్పడానికట. వాన జల్లు కొడుతోందట. కిటికీ మూయబోయి నేను సిరాబుడ్డి తన్నేశానట. ఆ సిరా దస్తావేజు మీద పడకుండా అడ్డుపడింది బంట్రోతట, నేను కాదట. ఈ సంగతంతా మా నాయనమ్మ (నా భార్యనే అది అట్లా పిలుస్తుంది) స్వయంగా చెప్పింది, ఆమె ఎప్పుడూ అబద్ధమాడలేదు, మా తాతయ్య ఎప్పుడూ నిజమాడలేదు, కావాలంటే అటక మీద ఆ సిరా మరకల చొక్కా ఇంకా ఉంది చూడండి అంటూ ఆ దొరభాషలో దంచిపారేసింది. చేతులు తిప్పింది. మధ్యలో నన్ను వేలెత్తి చూపించింది.

ఏరేవాళ్ళు ఏరడం ఆపేశారు. వాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఏమందో తెలియకపోయినా మనకి లోటు లేదులే. పెద్దయ్య మొకం చూస్తే తెలిసిపోతంది" అంది పెద్దామె.

నేను ఫోనులో టైము చూశాను. రెండు నిమిషాలు ఎప్పుడో దాటాయి.

ఇంకేం! తన గొప్ప చెప్పుకోమంటే దానికి నాలుక మడతపడుతుంది. నా గొప్పలు విరగ్గొట్టమంటే మాత్రం గోదారి. మర్నాటి నుంచి కొయ్యడం నా పని, అందులో తాలు ఏరడం దాని పని. పొద్దున్నే కాఫీగ్లాసు చేతికిచ్చి, "తాతయ్యా, ఒక అబద్ధం చెప్పవా" అనేది. అంత ప్రేమగా నన్ను అబద్ధమడిగినవాళ్ళు నా జన్మలో లేరు. దాని తల్లి మాత్రం "కుర్చీలో కూర్చుని ఎంతసేపు కోస్తారు మామయ్యా, ఆ చేత్తోనే నాలుగు కాయలు కూడా ఏరండి" అనేది.

చివరి రోజులకి నా సరుకు అయిపోయింది. దిక్కుతోచక ఒక నిజం చెప్పాను. చిన్నప్పుడు మా గేదె తప్పిపోతే దుర్గి దాకా నడిచివెళ్ళి, శిల్పాలు చెక్కేవాళ్ళ పాకల వెనక వెతికి పట్టుకొచ్చాను. ఒట్టు, నిజం. దాన్నీ ఏకిపారేసింది, ఆధారాలతో సహా. ఆ బాధ నేనెవరికి చెప్పుకోను?

పరీక్షకు ముందురోజు దానికి దిగులు పట్టుకుంది. "అక్కడ నువ్వుండవు గదా తాతయ్యా. నాకు కోపమెట్టా వస్తది?"

"ఏమడిగినా సరే, దానికి నేనైతే ఏం కోస్తానో ముందు తలుచుకో. ఆపైన నీ నోరే చూసుకుంటుంది" అన్నాను. ఎంత తెలివైన మాట! ఇంతకీ ఆ మాట దానిదే. నేనన్నది "చెమట పట్టకుండా చేతిరుమాలు పెట్టుకో" అని.

విజయవాడకు నేనూ వెళ్ళాను. సెంటరు బయట మెట్లమీద కూర్చుని, దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. అందరికీ అంటే, గుర్తొచ్చినవాళ్ళకి. ఎక్కువ మొక్కులు మా అమరేశ్వరుడికే. అది బయటికొచ్చింది. నవ్వు ఆపుకుంటోంది. నా మొహం చూడటం లేదు.

"ఏమడిగారే?"

"నీకు తెలిసిన నది గానీ చెరువు గానీ ఉంటే దాన్ని గురించి చెప్పమంది. ఈసారి ఆడామె."

"కృష్ణ గురించి చెప్పావా?"

"చెప్పా."

"శభాష్! నేనీదిన సంగతి?"

"అదే మొదలుపెట్టా తాతయ్యా. మా తాత వరదలో కృష్ణ ఈదానని ఊరంతా చెప్తాడు, ఈదలేదు అన్నా."

"అని?"

"పడవలో పోయాడు అన్నా. కళ్ళు మూసుకుని పడవాడి పంచె పట్టుకున్నాడనీ, నడిమధ్యలో ఎవరిదో వంకాయల గంపలో కక్కాడనీ, కొత్త పెళ్ళికూతురు మా నాయనమ్మ సిగ్గుతో ఆ గంపంతా కొనేసిందనీ అన్నీ చెప్పా. ఆమె చెయ్యెత్తి ఆపిందాకా ఆపలా. చివర్న, మీ తాతకి ఇప్పుడన్నా ఈతొచ్చా అని అడిగింది."

"ఏమన్నావే?"

"నో అన్నా."

ఆ పరీక్షలో మాటలన్నీ రికార్డు చేస్తారట. మండలమంతా నమ్మిన నా ఈత అబద్ధమని ఏ దేశంలోనో భద్రంగా దాచిపెట్టారు. బస్సెక్కి, అలిగి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నరసరావుపేట వచ్చేసరికి నాకే నవ్వొచ్చింది. ఆ వంకాయల గంప సంగతి నేనే మరిచిపోయాను.

ఫలితం ఫోన్లోకి వచ్చిన పూట అది కల్లంలోనే ఉంది. చూసి, ఫోను నా చేతికిచ్చి, కొంగు లేదు గనక చున్నీతో మొహం తుడుచుకుంది. మిరప ఘాటు కాదని నాకు తెలుసు. సీటు నిలబడింది. నల్లతామరకి ఇక మూడిందనుకుని నేను లేచి, టవలు ఝాడించి, ఆడవాళ్ళందరికీ వినపడేలా కేకేశాను.

"మా పిల్లకి మాట్లాడటంలో ఎనిమిది వచ్చిందర్రోయ్! నేర్పింది నేను!"

"సెవెన్, తాతయ్యా" అంది వెనకనుంచి.

"ఏడే అనుకో. ఏడంటే ఏమన్నా తక్కువా?"

అప్పటికే అందుకుంది. పరీక్ష అయిపోయిందని మరిచిపోయి, చున్నీ నడుముకు దోపి, ఎనిమిదికీ ఏడుకీ తేడా దగ్గర మొదలుపెట్టి, నేర్పింది ఎవరో, కుర్చీలో కునికిపాట్లు పడింది ఎవరో, ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోతోంది. నేనాపలేదు.

"ఏమంటంది పెద్దయ్యా?" అంది పెద్దామె.

"నన్ను పొగుడుతోంది" అన్నాను.

ఆమె నా మొహంలోకి కాసేపు చూసి, ముందున్న కుప్పలోంచి ఒక తాలుకాయ ఏరి పక్కకు విసిరేసింది.