బావగారు ఫోటో తీసిన గోడ

మా బావగారు పోయారు. దేశానికి అవతలి కొసన, మోరిస్‌విల్‌లో కూతురి ఇంట్లో మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదని అక్క ఫోన్ చేసి చెప్పింది. కాసేపు ఇద్దరం ఏడ్చాక అక్క ఒక మాట అడిగింది. కాలిఫోర్నియాలో ఆయన పనిచేసిన సిటీ ఆఫీసు వాళ్లు సంతాపం పంపారట. భూకంపం తర్వాత ఊరిని మళ్లీ నిలబెట్టిన ఇంజనీరు అని రాశారట. చర్చిలో చదివించమంటావా అని అడిగింది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాలి.

బావగారు కాకినాడలో ఇంజనీరింగ్ చదివి అరవైల చివర్లో ఈ దేశం వచ్చారు. సిటీ ఆఫీసులో ఉద్యోగం కాబట్టి, ఇక్కడి మా ఊళ్లో ఎవరు కొత్తగా కట్టినా, ఉన్న గోడ మార్చినా ఆయన వచ్చి చూసి సరే అనాలి. నన్ను నర్సు ఉద్యోగానికి ఇక్కడికి రప్పించిందీ, కారు నడపడం నేర్పిందీ ఆయనే. నేర్పుతున్నప్పుడు కూడా రోడ్డు నాకే వదిలేసి, తాను మేడల పైఅంచులు చూస్తూ కూర్చునేవారు. ఎవరింటికి భోజనానికి వెళ్లినా ముందు ఒకసారి సీలింగ్ వైపు చూసి, ఆ తర్వాతే కుర్చీ లాక్కునేవారు. చొక్కా జేబులో నల్ల దువ్వెన ఒకటి ఉండేది. గోడలో పగులు కనిపిస్తే, ఎంత పెద్దదో తెలియడానికి దాని పక్కన ఆ దువ్వెన ఆనించి ఫోటో తీసేవారు. ఆదివారం అదే దువ్వెనతో తల దువ్వుకుని చర్చికి వచ్చేవారు. అక్క కొత్తవి కొనిచ్చి కొనిచ్చి విసిగిపోయింది.

ఎనభైల చివర్లో ఒక సాయంత్రం భూమి కదిలింది. నేను హాస్పిటల్ డ్యూటీలో ఉన్నాను. మందుల ట్రాలీ నా చేతిలోంచి జారి కారిడార్ చివరిదాకా తనంతట తానే పోయింది. మర్నాడు మెయిన్ స్ట్రీట్ చూస్తే గుర్తుపట్టలేకపోయాను. ఆగి ఉన్న కార్ల మీద ఇటుకలు, వీధంతా గాజు పెంకులు, ముందు గోడ ఊడిపోయిన ఒక మేడలో ఎవరిదో మంచం, దాని మీద సర్దిన దుప్పటి సర్దినట్టే ఉంది. బావగారు హెల్మెట్ పెట్టుకుని, మెడలో కెమెరా వేసుకుని ఇల్లిల్లూ తిరిగారు. లోపల ఉంటే ప్రమాదమనుకున్న ప్రతి తలుపుకీ ఎర్ర నోటీసు అంటించారు. ఆ నోటీసు పడ్డ ఇంట్లోకి ఎవరూ అడుగు పెట్టకూడదు.

ఆ ఆదివారం మా తెలుగు చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన పెట్టారు. మనవాళ్లది ఒక్క ఇల్లు కూడా కూలలేదు, దేవుడు మనల్ని ప్రత్యేకంగా కాపాడాడు అన్నారు పాస్టరుగారు. బావగారు మధ్యలోనే లేచి బయటికి వెళ్లిపోయారు. తర్వాత పార్కింగ్ దగ్గర అక్క కోప్పడితే, ఆయన నాతో అన్నారు: "మనవి చెక్క ఇళ్లమ్మా, అందుకని నిలబడ్డాయి. ఇటుక ఇళ్లలో ఉన్నవాళ్లు ప్రార్థన చెయ్యలేదా ఏంటి?" ఆ తర్వాత చాలాకాలం ఆయన చర్చికి రాలేదు.

ఆయన ఎర్ర నోటీసు అంటించిన వాటిలో మెయిన్ స్ట్రీట్ మూలన ఉన్న పాత ఇటుక హోటల్ ఒకటి. పేరుకే హోటల్. అందులో ఉన్నదంతా నెలవారీ అద్దె కట్టుకునే ముసలివాళ్లు, పండ్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు. వాళ్ల మందులు గదుల్లోనే ఉండిపోయాయని నన్ను హాస్పిటల్ వాళ్లు అక్కడికి పంపారు. అక్కడే ఓపల్ గారిని చూశాను. ఒంటరి ముసలావిడ. జీవితమంతా ఇతరుల బట్టలు కుట్టి బతికింది. వేసుకున్న గౌనుతో పేవ్‌మెంట్ మీద నిలబడి, వచ్చిన ప్రతివాళ్లనీ తన కుట్టు మిషన్ గురించి అడుగుతోంది. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు కుదరదన్నారు. బావగారు ఎవరికీ చెప్పకుండా లోపలికి వెళ్లి, పై అంతస్తు నుంచి ఆ బరువైన మిషన్ మోసుకొచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పెట్టారు. నడుము పట్టుకుని అలాగే కాసేపు వంగి ఉండిపోయారు.

మళ్లీ ఎప్పుడు రావచ్చని ఆవిడ అడిగింది. వీధివైపు గోడే దెబ్బతిందనీ, వెనక గోడలు గట్టిగా ఉన్నాయనీ, స్టీలు కట్లు వేస్తే మేడ నిలుస్తుందనీ బావగారు ఆవిడకు అర్థమయ్యేలా చెప్పారు. రిపేర్ అయ్యాక మీ గదికి మీరు వెళ్లవచ్చు అన్నారు. మాట ఇచ్చినట్టుగానే అన్నారు. రిపోర్టులోనూ అదే రాశారు.

ఆ స్థలం మీద హోటల్ యజమానికి వేరే ఆలోచన ఉంది. సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి ఆయన లాయరు మా బావగారి ఫోటోలనే తలుపంత పెద్దవి చేయించి తెచ్చాడు. ఊడిపడిన గోడ, దువ్వెన పట్టేంత పగులు, వంగిన కిటికీ. ఎప్పుడు కూలుతుందో తెలియని మేడ, ఊరికే ప్రమాదం అన్నాడు. గట్టిగా ఉన్న వెనక గోడల ఫోటో ఒక్కటి కూడా అందులో లేదు. బావగారు లేచి, అవి తాను తీసినవేననీ, మిగతావి కూడా చూడాలనీ చెప్పారు. మేయరు థాంక్స్ చెప్పి, సమయం అయిపోయిందన్నాడు. పక్కన కూర్చున్న పైఅధికారి ఆయన మోచేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. హోటల్ ఖాళీ చేసినవాళ్లు వెనక వరసల్లో ఉన్నారు. వాళ్లకి తెలిసిందల్లా ఒక్కటే: ఎర్ర నోటీసు అంటించిన మనిషి ఈయనే.

కౌన్సిల్ కూల్చెయ్యమంది. కూల్చే రోజున బావగారు సెలవు పెట్టి కెమెరాతో వెళ్లారు. ఆయన్ని ఒంటరిగా పంపడం ఇష్టం లేక అక్క నన్ను కూడా పంపింది. క్రేన్‌కి వేలాడదీసిన ఇనుప గుండు వెనక గోడకు తగిలింది. దుమ్ము లేచింది. గోడ పడలేదు. మళ్లీ కొట్టారు. నాలుగు ఇటుకలు రాలాయి. అడ్డంగా కట్టిన తాడుకి అవతల నిలబడ్డ జనంలో ఎవరో నవ్వారు. మధ్యాహ్నానికి పని ఆపి, ఇంకా పెద్ద క్రేన్ కోసం కబురు చేశారు. బావగారు ప్రతి దెబ్బనీ ఫోటో తీశారు. రీలు అయిపోతే మార్చి మళ్లీ తీశారు.

"పడిపోతుందన్నారు కదమ్మా," అన్నారు నా వైపు తిరగకుండానే. "చూడు."

గోడ మర్నాడు పడింది.

ఓపల్ గారిని ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో తాత్కాలికంగా వేసిన, చక్రాల మీది ట్రైలర్ ఇళ్లలో ఉంచారు. ఆ తర్వాత వేరే ఊళ్లో వృద్ధుల నర్సింగ్ హోముకి మార్చారు. అక్కడికి బావగారితో నేనూ వెళ్లాను. గదిలో ఇంకో ఇద్దరున్నారు. కుట్టు మిషన్ మంచం కింద ఉంది. పెట్టుకోవడానికి టేబుల్ లేదని చెప్పిందావిడ. కోపంగా మాట్లాడలేదు. బావగారి ముఖంలోకి సూటిగా చూసి, తిరిగి వెళ్లవచ్చని మీరే కదా చెప్పారు అంది. తెచ్చిన కమలాపళ్లు కిటికీలో పెట్టి వచ్చేశాం. తిరుగు దారిలో ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: "పగులు అబద్ధం చెప్పదమ్మా. దాన్ని పట్టుకుని మనుషులు చెప్తారు. నేను వాళ్లకి పగుళ్లు అందించాను."

ఉద్యోగం మానేస్తారనుకున్నాం. మానలేదు. తాను మానేస్తే ఆ కుర్చీలోకి వచ్చేవాడు వెనక గోడ వైపు అసలు వెళ్లనే వెళ్లడన్నారు. రిటైరయ్యేదాకా ఆ ఆఫీసులోనే ఉండి, ప్రతి రిపోర్టులోనూ నిలబడి ఉన్న గోడల ఫోటోలు ముందు పెట్టి, పగుళ్లు తర్వాత పెట్టేవారు. పైవాళ్లకి అది నచ్చేది కాదు. ప్రమోషన్ రాలేదు. నవ్వడం తగ్గిపోయింది. భూకంపం గుర్తుగా సిటీ హాల్లో ఫోటోల ప్రదర్శన పెట్టినప్పుడు ఆయన్ని పిలిచి శాలువా బదులు ఫలకం ఇచ్చారు. ఆ ఫోటోల్లో కూలిన ఇటుకలున్నాయి, ఫైర్‌మెన్ ఉన్నారు, రిబ్బన్ కత్తిరిస్తున్న మేయరు ఉన్నాడు. క్రేన్ ముందు నిలబడ్డ వెనక గోడ లేదు. అడిగితే, చూసేవాళ్లకి బాధగా ఉంటుందని తీసేశామన్నారు. ఆ ఫలకాన్ని బావగారు ఇంట్లోకి తేలేదు. కారు డిక్కీలోనే ఉండిపోయి, కారుతో పాటే అమ్ముడుపోయింది.

అందుకే అక్కకి వద్దన్నాను. ఆయన ఊరిని నిలబెట్టలేదు. నిలబడి ఉన్నదాన్ని నిలబడి ఉందని చెప్పారు, అంతే. ఆ మాట వినే తీరిక ఎవరికీ లేకపోయింది. నాకు మాత్రం అదే చాలా పెద్ద సంగతి. హాస్పిటల్లో ఎన్నోసార్లు, ఇక లాభం లేదని అందరూ వదిలేసిన రోగి దగ్గర ఇంకాసేపు నిలబడి చూశానంటే అది ఆయన చలవే.

కొన్నేళ్ల క్రితం ఆయన చివరిసారి మా ఇంటికి వచ్చినప్పుడు మెయిన్ స్ట్రీట్‌కి తీసుకెళ్లమన్నారు. హోటల్ స్థలం చాలాకాలం కంచె వెనక గడ్డి మొలిచి ఉండి, తర్వాత దుకాణాలైంది. మూలన కాఫీ షాపు. పాత ఊరి అందం రావాలని దాని గోడకి పల్చటి ఇటుక బిళ్లలు అతికించారు. బావగారు దగ్గరికెళ్లి అంచు తడిమి చూసి, "అంగుళం మందం కూడా లేదమ్మా," అన్నారు.

అంతలో ఒక కుర్ర జంట వచ్చి, ఆ గోడ ముందు తమ ఫోటో తీయమని ఫోను ఆయన చేతిలో పెట్టారు. తీయరేమో అనుకున్నాను. ఆయన వాళ్లని ఎండ ముఖాన పడేలా ఒక పక్కకి జరిపి, ఇంకొంచెం దగ్గరగా నిలబడమని, నవ్వేదాకా ఆగి, జాగ్రత్తగా తీశారు. వాళ్లు ఫోను అందుకుని, ఫోటో చూసుకుని, చాలా బాగుందని చెప్పి లోపలికి వెళ్లిపోయారు. ఆయన అక్కడే ఉండిపోయారు. ఇందాక ఫోను పట్టుకున్న ఎత్తులోనే రెండు చేతులూ ఇంకా గాలిలో ఉన్నాయి, ఎదురుగా ఎవరూ లేని ఆ గోడ.