రోజు గీత, ఏడాది గీత

వన్ టౌన్‌లోని మా షేర్ బ్రోకరు ఆఫీసులో నా మాట ఇప్పటిదాకా ఎవరూ వినిపించుకోలేదు. షేరు ధర ఒక్క రోజులో గీసే గీతా, ఏడాది పొడుగునా గీసే గీతా ఒకేలా ఎగుడుదిగుడుగా ఉంటాయని నేను చెప్పిన ప్రతిసారీ అక్కడి మేనేజరు నాకు టీ తెప్పించేవాడు. ఆ టీలో చక్కెర ఎక్కువని కూడా నాకింకా గుర్తుంది.

విన్నది మా ఆవిడ. నా రిటైర్మెంటు డబ్బంతా షేర్లలో పెట్టమని, "పదేళ్లు ఆగితే గతుకులన్నీ సాఫైపోతాయండీ" అని ఆ మేనేజరు నచ్చజెబుతున్న రోజులవి. ఆవిడ ఒకే షేరువి రెండు గ్రాఫులు, ఆ రోజుదొకటీ ఏడాదిదొకటీ, ప్రింటు తీయించింది. తేదీలూ ధరలూ కనబడకుండా, పట్టుచీర మడిచినంత శ్రద్ధగా వాటి అంచులు మడిచి అతని ముందు పెట్టింది.

"ఇందులో ఇవాళ్టిది ఏదో చెప్పు బాబూ."

"ఇదేనండీ. ఈ కంగారు చూశారా, పొద్దుట్నుంచీ మార్కెట్ ఇలాగే ఉంది."

ఆవిడ మడత విప్పింది. అది ఏడాది గీత.

"అయితే నీకు ఏడాదంతా ఒక్క పూటలో గడిచిపోయిందన్నమాట," అని లేచి, సగం డబ్బు బ్యాంకులోనే ఉంచేయించింది.

తర్వాత నెలల తరబడి మార్కెట్ పడినప్పుడు మా ఇంట్లో ఎవరి నిద్రా చెడలేదు. నా మాటను పరీక్షించి చూడాలని తోచిన మనిషి ఇంట్లోనే ఉండడం నా అదృష్టం. ఆ సంగతి ఆవిడకి రోజూ చెబుతూనే ఉన్నాను.

మేనేజరు గారూ, టీ వద్దు. రోజు గీతలో గతుకు రూపాయల్లో ఉంటే, ఏడాది గీతలో అదే గతుకు వందల్లో ఉంటుంది. ఇలా కాలంతోపాటు గతుకులూ పెద్దవవుతుంటే, అవి సాఫయ్యేది ఎప్పుడో చెప్పండి.