పెద్దమ్మగారు అడిగిన మందు

నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్ళే దారిలో బస్సు దిగి, మిరప చేల మధ్య బండిబాటన గంటసేపు నడిస్తే వచ్చే ఊళ్ళో నాకు మొదటి ఉద్యోగం. గుంటూరులో రెండేళ్ళపాటు పురుళ్ళు పోయడం, టీకాలు వెయ్యడం నేర్చుకుని వచ్చాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. కంచికచర్ల దగ్గర ఒక పల్లెలో పుట్టినదాన్ని, క్రైస్తవులం. అమ్మా నాన్నా కూలికి వెళ్ళి చదివించారు. ఊళ్ళో అందరూ నన్ను నర్సమ్మ అనేవారు.

పురుళ్ళ సెంటరు పెట్టుకోవడానికి గది ఇస్తామన్నది ఊళ్ళో ఒక్క పెద్ద రైతు కుటుంబమే. వాళ్ళ పశువుల సావిడి పక్క గది అది. నా మంచం అందులోనే, మందుల పెట్టె అందులోనే. దానికి వీధివైపు తలుపు లేదు. ఎవరు రావాలన్నా వాళ్ళ వాకిట్లోంచే రావాలి. ఆ వాకిట్లో నులక మంచం మీద ఆ ఇంటి పెద్దమ్మగారు పొద్దస్తమానం కూర్చుని ఉండేది. రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు ఆవిడ కళ్ళముందు నుంచి నా గదిలోకి రావడానికి జంకేవారు. ఊరవతల మావాళ్ళుండే పల్లె ఆడవాళ్ళను వాకిట్లోకే రానిచ్చేవారు కాదు. నేనే అక్కడికి వెళ్ళేదాన్ని. అందరి కోసమని పెట్టిన సెంటరులోకి ఎవరూ రాలేరు. నేను ఎప్పుడు బయటికి వెళ్ళానో, ఎప్పుడు వచ్చానో, నా సంచిలో ఏముందో అన్నీ పెద్దమ్మగారికి తెలియాలి.

నీళ్ళు కూడా వాళ్ళ బావివే. చేదతాడు నేను ముట్టుకోకూడదు. బిందె పట్టుకుని నిలబడితే ఆ ఇంటి కోడలు తోడి, తగలకుండా పైనుంచి పోసేది. తనకి ఇంటిపని తెమిలేదాకా నేను నిలబడాలి. జ్వరాలకి మాత్రలిచ్చిన చేతులే, ఆ ఇంటి పిల్లలకి మశూచి టీకాలు వేసిన చేతులే. బావి దగ్గర మాత్రం పనికి రావు. కోపం వచ్చేది. మరో గది ఎక్కడా దొరకదు కాబట్టి మింగేసేదాన్ని.

ఆ కోడలిది నా వయసే. అప్పటికే నాలుగు కాన్పులు. ఇద్దరు మగపిల్లలు దక్కారు, ఇద్దరు ఆడపిల్లలు పురిట్లోనే పోయారు. నాలుగో కాన్పులో విపరీతంగా రక్తం పోయిందని, రెండు నెలలు లేవలేదని ఊళ్ళో మంత్రసాని చెప్పింది. కళ్ళకింద రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉండేది.

కాన్పులు ఆపడానికి గర్భసంచిలో పెట్టే లూపు కొత్తగా వచ్చిన రోజులవి. నెల నెలా ఇన్ని కేసులు తేవాలని పైనుంచి ఒత్తిడి. తేకపోతే మీటింగులో అందరి ముందూ నిలబెట్టి అడిగేవారు. ఒకరోజు ధైర్యం చేసి పెద్దమ్మగారి దగ్గరే కూర్చుని ఎత్తాను. ఇద్దరు మగపిల్లలున్నారు కదా, కోడలుగారికి ఒంట్లో రక్తం లేదు, కొన్నాళ్ళు ఆగితే మంచిదన్నాను.

ఆవిడ కోప్పడలేదు. కందులు చెరుగుతూ అంది. "నాకు పదకొండు మంది పుట్టారే. నలుగురు మిగిలారు. ఇద్దరు చాలంటున్నావు. ఆ ఇద్దరూ మిగుల్తారని రాసిస్తావా?"

అంతకు ముందు నెలలోనే ధనుర్వాతంతో పల్లెలో ఒక పసిబిడ్డ నా చేతుల్లో పోయింది.

రెండు రోజుల తర్వాత బావి దగ్గర బిందె నిండాక కూడా కోడలు చేద పక్కన పెట్టలేదు. ఖాళీ చేద చేత్తో పట్టుకుని, వాకిలి వైపు చూస్తూ అంది.

"ఆ లూపేదో నాకు వేయిస్తావా నర్సమ్మా?"

"మీ ఆయన ఒప్పుకోవాలమ్మా. నందిగామ డాక్టరమ్మ అడుగుద్ది."

"ఆయన వాళ్ళమ్మని అడగమంటాడు. ఇంకోసారి నీళ్ళోసుకుంటే నేను బతకను. నాకు తెలుస్తానే ఉంది."

ఆయన నెమ్మదైన మనిషి. ఎస్సెల్సీ దాకా చదివాడు. పొలం గట్టు మీద ఒంటరిగా కనిపిస్తే అడిగి చూశాను. చెప్పులతో మట్టి గీరాడు. "నాకు అభ్యంతరం లేదండీ. అమ్మకి ఒక మాట చెప్పండి," అన్నాడు. అమ్మకి చెప్పి అయిందని అతనికీ తెలుసు.

చివరికి అబద్ధం నేనే ఆడాను. చిన్నవాడికి నా దగ్గర లేని టీకా వేయించాలని చెప్పి తల్లినీ బిడ్డనీ నందిగామ తీసుకెళ్ళాను. డాక్టరమ్మ "వాళ్ళాయనకి తెలుసా?" అంది. "తెలుసండీ" అన్నాను. బస్సులో తిరిగి వస్తుంటే ఆమె కిటికీలోంచి చూస్తూ తనలో తను నవ్వుకుంది. ఆ నెల నా పుస్తకంలో ఒక కేసు చేరింది. ఆ సంతోషం కూడా నాకు ఉంది, దాచను.

లూపు ఆమెకి పడలేదు. ఆ ఇంట్లో ముట్టయితే మూడు రోజులు బయట కూర్చోవాలి, నాలుగో రోజు తలస్నానం చేసి లోపలికి వెళ్ళాలి. ఆమె నాలుగో రోజు స్నానం చేసింది, ఐదో రోజు మళ్ళీ బయటికి వచ్చింది. అలా పన్నెండు రోజులు. పై నెల ఇంకా ఎక్కువ. ఆమె కూర్చునే చోటు నా గది గోడ పక్కనే. ఇటు నేను, అటు ఆమె. రెండు మూడు నెలల్లో సర్దుకుంటుందని మాకు శిక్షణలో చెప్పారు. అదే మాట ఆమెకి చెప్పేదాన్ని. మాత్రలు పొట్లం కట్టి గోడమీద పెడితే తీసుకుని మింగేది. తీయించేద్దామంటే వద్దనేది. "ఇది తీస్తే అది తప్పదుగా," అనేది. తీయించాలన్నా మళ్ళీ ఏదో సాకుతో నందిగామ వెళ్ళాలి. నిజం చెబితే ఆమెకి ఆ ఇంట్లో చోటు ఉండదు, చెప్పకపోతే ఆమె గోడవతల కరిగిపోతోంది.

మూడో నెలలో ఆమె కవ్వం పట్టుకునే కళ్ళు తిరిగి పడింది. పెద్దమ్మగారు మంత్రసానిని పిలిపించింది. నేను ఆగలేకపోయాను. వాకిట్లో ఆవిడ ముందు నిలబడి జరిగిందంతా చెప్పాను. అడిగింది మాత్రం నేనేనని చెప్పాను, కోడలు కాదని.

"వాడికి తెలుసా?" అంది.

కొడుకు అరుగు మీదే ఉన్నాడు. తల వంచుకున్నాడు. తెలియదన్నాను.

"బండి కట్టమంటాను. తీసుకెళ్ళి తీయించు. తీయించి, నీ సామాను తీసుకుని వెళ్ళు."

ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఊళ్ళో ఇంకెవరూ గది ఇవ్వలేదు. పల్లెలో ప్రార్థన మందిరం పక్కన ఒక తాటాకు పాక ఉంటే అందులో మందుల పెట్టె పెట్టుకున్నాను. పల్లె ఆడవాళ్ళు నా గడప తొక్కడం మొదలుపెట్టారు, ఊళ్ళో ఆడవాళ్ళు పూర్తిగా మానేశారు. కేసులు తగ్గాయని మెమో వచ్చింది. బదిలీకి అర్జీ పెడితే తిప్పి పంపారు. ఉద్యోగం మానేద్దామంటే ఇంటి దగ్గర తమ్ముళ్ళు చదువుతున్నారు. కోడలికి మళ్ళీ నెల తప్పిందని విన్న రోజు ఆ పాకలో తలుపేసుకుని చాలాసేపు కూర్చున్నాను. వెళ్ళి చూడ్డానికి కూడా నాకు దారి లేదు.

మిరపకాయలు కళ్ళాల్లో ఆరబోసిన రోజులు. పొద్దున తొమ్మిదింటికి ఆ ఇంటి కొడుకు సైకిలు మీద వచ్చాడు. పల్లెలోకి అతను రావడం అదే మొదలు.

"అమ్మ రమ్మంటోందండీ. బిడ్డ పుట్టింది. రక్తం ఆగట్లేదు."

సైకిలు వెనక కూర్చుని వెళ్ళాను. పురిటి గదిలోకి, అంటే ఆ ఇంటి నడిమింట్లోకి, అడుగు పెట్టడానికి నేను తటపటాయిస్తే పెద్దమ్మగారు చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. మాయ పడింది కానీ గర్భసంచి బిగియలేదు. సూది వేశాను. పొత్తికడుపు మీద గట్టిగా రుద్దుతూనే ఉండాలి. రుద్దుతూనే బండెక్కాను, రుద్దుతూనే రోడ్డు దాకా వచ్చాను. బస్సు ఆపితే డ్రైవరు మమ్మల్ని ఒక్కసారి చూసి, ఇంకెక్కడా ఆపకుండా నందిగామ ఆసుపత్రి గేటు దగ్గర దింపాడు. పెద్దమ్మగారు దారంతా కోడలి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా చేతులు అలిసిపోయినప్పుడు, ఎక్కడ పట్టుకోవాలో అడిగి, ఆవిడే రుద్దింది.

ఇద్దరూ దక్కారు. ఆడపిల్ల.

నెల దాటాక కొడుకు మళ్ళీ పాకకి వచ్చాడు. ఈసారి సైకిలు దూరంగా పెట్టి నడిచి వచ్చాడు. పిల్లలు పుట్టకుండా మగవాళ్ళకి చేసే ఆపరేషన్ గురించి అడిగాడు. పొలం పని చేసుకోవచ్చా, బలం తగ్గుతుందా అని అడిగాడు. తగ్గదన్నాను. 

"అమ్మకి తెలియకూడదండీ. తెలిస్తే నా చేత్తో పెట్టిన ముద్ద తినదు."

"మీ ఆవిడకి చెబుతారా?"

"ఆమెకి చెప్పే వచ్చా."

నందిగామలో కోర్టు పని ఉందని ఇంట్లో చెప్పి వెళ్ళి, స్నేహితుడి ఇంట్లో నాలుగు రోజులుండి వచ్చాడు. ఆ ఊళ్ళో ఆపరేషన్ చేయించుకున్న మొదటి మనిషి అతనే. ఆ సంగతి చెబితే నలుగురు ముందుకు వచ్చేవారు. కానీ చెప్పకూడదు. మీటింగులో పెద్ద రైతుల్లో ఒక్కరినైనా తేలేకపోయావని నన్ను నిలబెట్టి అడిగేవారు. పేరు ఆసుపత్రి కాగితాల్లో ఉంది కదా, నా పుస్తకంలో రాసుకోకపోతేనేం అనుకుని నేలచూపులు చూసేదాన్ని.

పై వేసవిలో ఊళ్ళో పిల్లలకి పొంగు, అదే తట్టు, వచ్చింది. వీధికొక ఇంట్లో పిల్లలు మూలుగుతున్నారు. పెద్దమ్మగారి పెద్ద మనవడికి పొంగు తగ్గాక ఊపిరి అందకుండా రొమ్ము పట్టేసింది. రోజుకి రెండుసార్లు సూది వెయ్యడానికి ఆ ఇంటికి వెళ్ళేదాన్ని. ఆ తొమ్మిది రోజులూ నేను పడ్డది ఎవరికీ చెప్పుకోలేదు. వాడు పోతే ఇక ఆ ఇంట్లో మరొకరు పుట్టరు. రాసిస్తావా అని ఆవిడ అడిగిన మాటే చెవిలో ఉండేది. పక్కింటి పిల్లవాడు పోయాడు. వీడు బతికాడు.

ఆ తర్వాత నుంచి పెద్దమ్మగారికి నేనంటే ఎక్కడలేని నమ్మకం కుదిరింది. బావి దగ్గర నన్నే తోడుకోమంది. పాక కురుస్తోందని మళ్ళీ గదిలోకి రమ్మంది, ఈసారి వీధివైపు తలుపు పెట్టిస్తానంది. వచ్చాను. ఒకరోజు నన్ను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అంది.

"పిల్లకి ఏడాదిన్నర దాటింది. కోడలికి నెల తప్పట్లేదే. మొన్న వాడికి జబ్బు చేసిన కాణ్ణించీ నాకు గుండె నిలవట్లేదు. ఇంకొక్కడు ఉంటే చాలు. అప్పుడేదో ఆపడానికి మందు పెట్టావుగా. ఇప్పుడు పుట్టడానికి ఇవ్వు. నువ్విస్తే తగుల్తుంది."

కోడలు గుమ్మంలోనే ఉంది. నా వంక చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఏమివ్వను? ఇనుము మాత్రలు ఇచ్చాను. రక్తం పడితే మంచిదే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ప్రతి నెలా ఆవిడే వచ్చి అడిగి తీసుకెళ్ళేది. మాత్రలతో ఆగలేదు. కోడలి చేత శనివారాలు ఉపవాసం చేయించింది. ముక్త్యాల తీసుకెళ్ళి కృష్ణలో ముంచింది. జగ్గయ్యపేటలో ఎవరో పసరు ఇస్తారంటే తాగించింది. కోడలు అన్నిటికీ వెళ్ళేది, అన్నీ మింగేది. ఒకసారి నా గదిలో కూర్చుని, "కాన్పు తప్పింది, ఇది తప్పట్లేదు నర్సమ్మా. అయినా ఇదే నయం," అంది. ఆమె బుగ్గల్లో రంగు వచ్చింది. ఆ రంగు చూసి పెద్దమ్మగారు మందు పనిచేస్తోందని సంబరపడేది. ప్రతి నెలా ఆశగా నా మొహంలోకి చూసేది. నేను ఆవిడ కళ్ళలోకి చూడలేక మాత్రలు లెక్కపెడుతూ కూర్చునేదాన్ని.

ఇంకో రెండేళ్ళకి నాకు జగ్గయ్యపేట వైపు బదిలీ వచ్చింది. వెళ్ళే రోజు పెద్దమ్మగారు బండి దాకా వచ్చింది. "నీ తరవాత వచ్చే అమ్మాయికి చెప్పి వెళ్ళు, ఆ మందు ఆపొద్దని," అంది.

కొత్తగా వచ్చిన నర్సు గదిలో పెట్టె సర్దుకుంటోంది. చిన్న పిల్ల, నేను వచ్చినప్పటి వయసే. ఆమెకి ఎంతవరకు చెప్పాలో నాకు తెలియలేదు. బండి అతను తొందరపెడుతున్నాడు. ఆ ఇంటి కోడలికి నెల నెలా ఇనుము మాత్రలు ఇవ్వమని, పెద్దమ్మగారు ఏమడిగినా ఎదురు చెప్పవద్దని మాత్రం చెప్పి వచ్చేశాను.