నా చెల్లెలి వేలిముద్రలు

నాకు నోరెక్కువ, చెయ్యి అంతకంటే ఎక్కువ. కువైట్ జాబ్రియాలో నేను వంట చేసే ఇంట్లో మాత్రం ఆ రెండూ కట్టేసుకునే బతుకుతున్నాను. ఇంటి యజమానురాలిని పనివాళ్ళం మామా అంటాం. ఆ రోజు మా మామా, ఆమె అక్కచెల్లెళ్ళు, వదిన హాల్లో కూర్చుని క్షమాభిక్ష మీద వాదించుకుంటున్నారు. ఇఖామా, అంటే ఇక్కడ ఉండడానికిచ్చే పర్మిట్, లేకుండా కువైట్‌లో ఉన్నవాళ్ళు జైలూ జరిమానా లేకుండా సొంత దేశానికి వెళ్ళిపోవచ్చని ప్రభుత్వం గడువు ఇచ్చింది. ఆ గడువు రేపో మాపో అయిపోతుంది.

"మాఫీ ఏంటి? నా ఇంట్లోంచి పారిపోయినదాన్ని జుట్టు పట్టి ఈడ్చి జైల్లో వెయ్యాలి," అంది వదిన.

మా మామా మెత్తని మనిషి. "ఎందుకు పారిపోయిందో కూడా అడగాలి కదా," అంది.

"అడిగేదేముంది? బయట ఎక్కువ జీతం వస్తుందని. కొట్టారు, కాల్చారు అనేవన్నీ కట్టుకథలు. ఇవాళ వీళ్ళను మన్నిస్తే రేపు ఇంకొందరు గోడ దూకుతారు."

నేను అప్పుడు ఆమెకు గహ్వా పోస్తున్నాను. పొగలు కక్కే కాఫీ. కూజా ముక్కు ఆమె తొడకు జానెడు దూరంలో ఉంది. వంచేద్దామా అనిపించింది. ఉత్తినే అనడం లేదు, నిజంగానే అనిపించింది. ఆమె కట్టుకథలు అన్నవన్నీ నా సొంత చెల్లెలి ఒంటి మీద ఉన్నాయి మరి. కప్పు నింపి, పళ్ళు బిగబట్టుకుని వంటింట్లోకి వచ్చేశాను.

చెల్లెలు ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఇంటి మామా చేతికి ఏది దొరికితే దాంతో కొట్టేది. హ్యాంగరు, చెప్పు, చార్జరు వైరు, ఏదైనా సరే. ఒకనాడు పిల్లాడి స్కూలు చొక్కా కాలరు కమిలిందని, చెల్లెలి చేతిలోని ఇస్త్రీ పెట్టె లాక్కుని దాని ముంజేతికి అదిమి పెట్టింది. చర్మం పెట్టెకు అంటుకుని ఊడొచ్చింది. మర్నాడు చెత్త పారేసే నెపంతో గేటు దాటి, సంచీ చేతిలో ఉన్న సంగతి కూడా మరచి మెయిన్ రోడ్డు దాకా పరిగెత్తిందట. ఎలాగో నా దగ్గరికి చేరింది. నేను ఆసుపత్రికి తీసుకుపోతే కార్డు అడిగారు. పాస్‌పోర్టూ కార్డూ ఆ ఇంట్లోనే ఉన్నాయంటే తలుపు చూపించారు. పసుపూ కొబ్బరినూనే రాసి నేనే మాన్పించాను.

దానికి వీసా ఇచ్చిన కఫీల్ ఆ ఇంటాయనే. పారిపోయిందని కేసు పెట్టాడు. పాస్‌పోర్టు ఇవ్వడు, ఇఖామా కట్టడు, వేరే కఫీల్ దగ్గరికి పోనివ్వడు. అమ్మా పెట్టదు, అడుక్కునీ తిననియ్యదు. అప్పట్నుంచీ అది మావాళ్ళుండే రూములో దాక్కుని, దొరికిన ఇంట్లో గంటల లెక్కన పని చేసుకుంటూ, పోలీసు బండి కూత వినబడితే మంచం కిందికి దూరుతూ బతికింది. ఇంతాచేసి దీనికి క్షమాభిక్ష అంట! కాల్చినామె ఏసీలో పడుకుంటుంది, కాలింది చేతులు జోడించుకుని క్యూలో నిలబడాలి. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అది ప్రాణాలతో ఇల్లు చేరాలంటే వేరే దారి లేదు.

శుక్రవారం సెలవు రోజు రూముకు వెళ్ళాను. అక్కడా ఇదే వాదన. మా జిల్లా ఆమే ఒకామె, ఇఖామా ఉన్నది, అన్నం తింటూ ఎత్తుకుంది.

"ఏండ్లకేండ్లు కఫీల్ కాళ్ళ కాడ పడుండే మేం తిక్కోళ్ళమా? పారిపోయినోళ్ళకు మాఫీ అంట, మళ్ళా విమానం అంట!"

"వాళ్ళు పోతే నీకేం మే? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాను.

"మీ చెల్లెలు దెబ్బలకు పారిపోయిందా, మొగోళ్ళ కోసరం పారిపోయిందా? ఎవురికి తెలీదు?"

ఆ మాట పూర్తి కాకముందే నా చెయ్యి ఆమె చెంప మీద పడింది. ఆమె నా జుట్టు పట్టుకుంది. కంచాలు ఎగిరాయి, పప్పు గోడకు చిమ్మింది. ఆమె నా మణికట్టు కొరికితే నేను ఆమె తలను మంచం కోడుకేసి కొట్టాను. కనుబొమ చిట్లి రక్తం కారింది. రూములో ఉండే గోదావరి జిల్లా ఆమె మా ఇద్దరి మధ్యా దూరి, "అయ్యబాబోయ్, ఊరుకోండే! పోలీసులొత్తే ఈ పిల్ల కొంప మునిగిపోద్ది!" అని నెత్తి కొట్టుకుంది. అప్పటికి గానీ నేను చెయ్యి వదల్లేదు. చెల్లెలు మూలన కూర్చుని ఉంది. దెబ్బలు తిన్నప్పుడు ఏడవనిది ఆ మాటకు ఏడ్చింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారే, అదీ సంగతి.

నేను జాబ్రియాకు తిరిగొచ్చాక జరిగింది అసలు తప్పు. చెల్లెల్ని ఊరడించడానికి ఆ గోదావరి ఆమె గోరింటాకు పొడి టీ డికాక్షన్లో కలిపి, మన పద్ధతిలోనే పదివేళ్ళకూ మందంగా టోపీలు పెట్టింది. "ఎల్లేటప్పుడు చేతులెలాగూ ఖాళీయే, ఎర్రగా అయినా ఉండనీయే అమ్మా," అందట. మంచి మనసుతోనే చేసింది. మనవాళ్ళలో ఏ ఆడదైనా ఊరికి పోయే పిల్లకు అదే చేస్తుంది.

గడువు ఆఖరి రోజు పొద్దున్నే మామాను సెలవడిగి చెల్లెల్ని క్షమాభిక్ష ఆఫీసుకు తీసుకుపోయాను. మన ఎంబసీ ఇచ్చిన కాగితం ఉంది. ఇక్కడ వేలిముద్రలు తీసుకుని వెళ్ళిపొమ్మని ముద్ర వేస్తే చాలు. గేటు దగ్గర అన్ని దేశాల జనం, మీదమీద పడుతున్నారు. కాపలావాడు లాఠీతో అడ్డంగా నెట్టాడు. ముందున్నామె కింద పడితే వెనకవాళ్ళు ఆమె చేతులు తొక్కుకుంటూ పోయారు. నేను మోచేతులతో పొడుచుకుంటూ, బూతులు తిడుతూ చెల్లెల్ని లోపలికి తోశాను.

మిషను మీద బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. చూపుడు వేలు, ఎర్ర లైటు. పదివేళ్ళూ అంతే. గోరింటాకు పొర గట్టిగా పట్టేసి గీతలన్నీ పూడుకుపోయాయి. కౌంటర్ వెనక కుర్రాడు "లా, లా" అని చెయ్యి ఊపి, పక్కకు పొమ్మన్నాడు. ఇవాళ కాకపోతే రేపట్నుంచి జైలే.

"ఎవురు పెట్టమన్యారే మైదాకు? నీకేమన్నా పెండ్లా?" అని అక్కడే వీపు మీద గుద్దాను. ఎదుటి బకాలా కొట్టుకు పరిగెత్తి మరకలు పోగొట్టే క్లోరాక్సూ, గిన్నెలు తోమే ఇనుప పీచూ కొన్నాను. ఆఫీసు బాత్రూములో దాని చెయ్యి సింకులో అదిమిపట్టి తోమాను. ముందు ఎరుపు పోయింది, తర్వాత తెల్లతోలు లేచింది, తర్వాత మళ్ళీ ఎరుపు వచ్చింది. ఈసారిది గోరింటాకు కాదు.

"అక్కా, నొప్పి లేస్తాంది, ఇడువు!" అని కాళ్ళు కొట్టుకుంది.

"గమ్మునుండు. జైల్లో ఇంతకంటే నొప్పి లేస్తాది," అన్నాను. నేనూ ఏడుస్తున్నాను, కానీ చెయ్యి ఆపలేదు. ఇప్పుడడిగినా అదే పని చేస్తాను.

తిరిగి మిషను దగ్గరికి పోతే ఎర్ర లైటే. గీతలు లేవు, గాజు మీద రక్తం మాత్రం ఉంది. కుర్రాడు లేచి అరిచాడు. పాత నేరం బయటపడకుండా కావాలని ముద్రలు చెరుపుకుందనుకున్నాడు. లోపల్నుంచి ఒక ఆడ ఆఫీసరు వచ్చి చెల్లెలి ముంజెయ్యి పట్టుకుని పైకెత్తింది. ఆమె బొటనవేలు సరిగ్గా ఇస్త్రీ పెట్టె మచ్చ మీదే ఉంది. దాన్ని చూసినట్టే లేదు. వేళ్ళనే చూస్తోంది.

"మను సవ్వా?" అంది. ఎవరు చేశారని.

నేను నోరు తెరిచాను. నేనే అంటే నన్నూ లోపలేస్తారు, దాన్నీ వేస్తారు. ఆలోగా చెల్లెలు తలొంచుకుని చెప్పింది. "మామా."

"నీ కఫీల్ భార్యా?"

తల ఊపింది. ఆఫీసరు కుర్రాణ్ణి ఏదో గట్టిగా కసిరి, కుర్చీ తెప్పించి చెల్లెల్ని కూర్చోబెట్టింది. మంచినీళ్ళు ఇప్పించింది. కేసు పెడతావా అని అడిగింది. "లా. ఖలాస్. ఊరికి పోతా," అంది చెల్లెలు సగం అరబ్బీలో, సగం మన భాషలో. పాతకాలం సిరా డబ్బా తెచ్చి, ఆమే ఒక్కొక్క వేలూ పట్టుకుని కాగితం మీద మెల్లగా దొర్లించింది. పడ్డన్ని గీతలే చాలని, మన ఎంబసీ కాగితం మీద వెళ్ళిపొమ్మనే ముద్ర కొట్టింది. చెల్లెలు ఊరికి పోవచ్చు.

బయట ఎండలో గోడ పక్కన కూర్చోబెట్టి దాని వేళ్ళకు నా చున్నీ చింపి కట్టాను. అది కట్టిన వేళ్ళు ఒళ్ళో పెట్టుకుంది.

"అబద్దం చెప్పినా అక్కా."

"ఏం అబద్దం మే? ఆ యమ్మ నిన్ను కొట్టల్యా, కాల్చల్యా?"

"కాల్చినాది. అన్ని దినాలు కొట్టినాది. అయినా ఎవురూ ఏమని అడగల్యా," అంది చెల్లెలు. "నువ్వు ఒక్కతూరి రుద్దితే కుర్చీ ఏసినారు."