అంతరిక్ష అతిథులకు ఎర్ర జెండా

రేపు పొద్దున మీ వీధి మొదట్లో ఎవరో ఒక కర్ర పాతి దానికి ఎర్రగుడ్డ కట్టారనుకోండి. ఎవరు కట్టారని అడుగుతారా, నోరు మూసుకుని పక్క వీధిలోంచి చుట్టూ తిరిగి వెళతారా? తొందరపడి జవాబు చెప్పకండి. ఈ ప్రశ్న నేను చాలా సభల్లో వేశాను. వేసిన ప్రతిచోటా "అడుగుతాం" అంటూ చేతులు లేచాయి. ఆ చేతులవాళ్లే, ముందు వరుస కుర్చీలకు 'ప్రముఖులకు' అని ఎవరో చీటీ అంటించి పోతే, ఆ కుర్చీలు చివరిదాకా ఖాళీగా ఉన్నా కూర్చోకుండా గోడవారన నిలబడి నా ఉపన్యాసం విన్నారు. వాళ్లను చూసి నవ్వే అర్హత నాకు లేదు. ఎందుకంటే ఒకప్పుడు కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టినవాణ్ణి నేనే.

ఆ రోజుల్లో మా సూళ్లూరుపేటలో ఆకాశం అంటే ఎవరికీ ఆశ్చర్యం ఉండేది కాదు. పక్కింటివాళ్లను చూసి ఎవరు ఆశ్చర్యపోతారు? పక్కనే ఉన్న కేంద్రంలో రాకెట్ లేచిందంటే వంటింటి అలమరలో స్టీలు గిన్నెలు గలగలమనేవి. మా అమ్మ "పోయింది" అని ఒక్కమాట అని మళ్లీ పులుసు కలుపుకునేది. లెక్కల అయ్యవారు సుద్దముక్క పట్టుకున్న చెయ్యి అలాగే గాలిలో ఆపి, మేము మైదానంలోకి పరిగెత్తి, తలలెత్తి చూసి, తిరిగి వచ్చి కూర్చునేదాకా ఓపిక పట్టి, ఆపిన మెట్టు దగ్గరనుంచే లెక్క అందుకునేవారు. ఆకాశం ఇంత చవకైపోయిన ఊళ్లో మళ్లీ దానిమీద మోజు పుట్టించడానికి జపానువాళ్లు పూనుకోవలసి వచ్చింది. తొమ్మిదో తరగతిలో ఉండగా మా క్లాసు అమ్మాయి ఒకతె చెన్నైలో ఉన్న పెద్దమ్మ కొడుకు దగ్గరనుంచి పెన్‌డ్రైవు నిండా ఒక జపాన్ బొమ్మల సీరియల్ తెచ్చింది. అందులో ఒక హైస్కూలు, ఆ హైస్కూల్లో ఒక వెర్రి సంఘం. ఆ సంఘంలో ఎవరికీ చదువుతో పనిలేదు. వారానికొకటి చొప్పున ఆకాశంలోంచి ఏదో ఒకటి ఊడిపడుతుంది, పిల్లలు దాన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, గొడవపడి, చివరికి కన్నీళ్లతో సాగనంపుతారు. మాటలు జపాను భాషలో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. మాకు రెండూ సగం సగమే తెలిసేవి (జపాను సగం కూడా ఎలా తెలుసని అడగకండి. పన్నెండు భాగాలు చూశాక తెలిసినట్టే ఉండేది).

పదమూడో భాగం పూర్తికాకముందే మేమూ ఒక సంఘం పెట్టేశాం. పెన్‌డ్రైవు తెచ్చినమ్మాయే అధ్యక్షురాలు. మాకంటే ఏడాది పెద్దది, గొంతు పదేళ్లు పెద్దది, అందుకని అందరం ప్రెసిడెంటక్క అనేవాళ్లం. పేరు 'అంతరిక్ష అతిథుల ఆహ్వాన సంఘం'. నేను కార్యదర్శిని. ఆ పదవి నాకు రావడానికి కారణాలు రెండు. ఒకటి, మా నాయనది రబ్బరు స్టాంపుల అంగడి కాబట్టి సంఘానికి ఉచితంగా సీలు దొరుకుతుంది. గుండ్రటి సీలు, చుట్టూ సంఘం పేరు, మధ్యలో నిప్పులు కక్కుతున్న రాకెట్టు. అదెప్పుడూ నా చొక్కా జేబులోనే ఉండేది, జేబు ఎప్పుడూ ఊదారంగులోనే ఉండేది. రెండో కారణం మా మేనమామ. ఆయన సంఘసంస్కరణ సభల మనిషి. పదేళ్లప్పటినుంచే నన్ను స్టూలెక్కించి వాదనలు చేయించారు. ఆయన నేర్పిన మొదటి సూత్రం, ఋజువు అడుగు. రెండో సూత్రం, ఎదుటివాడు మంచినీళ్లు తాగేలోపల ఇంకో ప్రశ్న వెయ్యి. నాకు మొదటిదానికంటే రెండోది బాగా వంటబట్టింది.

మూడో సభ్యురాలు సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఊరినుంచి షేర్ ఆటోలో వచ్చే అమ్మాయి. రోజుకు నాలుగు మాటలకు మించి మాట్లాడేది కాదు గనుక మౌనవ్రతం అని పిలిచేవాళ్లం. ఆమె మా సంఘంలో చేరలేదు, ప్రెసిడెంటక్క చేర్చుకుంది. "సీరియల్‌లో కూడా ఒక మాట్లాడని పిల్ల ఉండాది కదా, మనకూ కావాల" అన్నది అక్క. అంతే.

ఒక శనివారం ముగ్గురం మౌనవ్రతం వాళ్ల ఊరు దాటి సరస్సు అంచుకు సైకిళ్లమీద వెళ్లాం. మాఘమాసం, నీళ్లు వెనక్కి తీస్తున్నాయి, అంచు వెంబడి మైళ్లకొద్దీ బురద. ఆ బురదలో కనబడ్డాయి వలయాలు! మధ్యలో చిన్న దిబ్బ, దాని చుట్టూ గుండ్రంగా గాడి. ఒకటి కాదు, ఇరవై ముప్ఫై. అన్నీ ఒకే కొలత, పెద్ద పళ్లాలు బోర్లించి ఎత్తేసినట్టు. ప్రెసిడెంటక్క ఛాతీమీద చెయ్యి వేసుకుని "దిగినారు" అన్నది. మౌనవ్రతం మాత్రం చెప్పుల బురద దులుపుకుంటూ "అవి కొంగలు తొక్కిన గుంటలు. ఫ్లెమింగోలు ఒక్కచోటే గిర్రున తిరగతా తొక్కి, పైకి లేచినదాన్ని తింటాయి" అన్నది. ఆ రోజుకు ఆమె కోటా అయిపోయింది. కానీ నాలోని వాదనలవాడు నిద్రలేచాడు.

"కొంగ ఇంత గుండ్రంగా ఎట్లా తిరుగుతుంది? దాని దగ్గర వృత్తలేఖిని ఉందా?"

"లేదు."

"నువ్వు చూసినావా?"

"రోజూ చూస్తాము కదా."

"ఈ గుంటను తొక్కతా ఉంటే చూసినావా? ఈ గుంటనే?"

"ఈ గుంటనే అంటే... చూళ్లేదు."

"అయితే ఋజువు లేదు!" అన్నాను, వేలు ఆకాశంకేసి చూపిస్తూ. పుట్టినప్పటినుంచి ఆ నీళ్లను కళ్లతో చూస్తున్న పిల్లను, వాటిని అంతకుముందు రెండుసార్లు కూడా చూడనివాడు నోటితో ఓడించాడు. ప్రెసిడెంటక్క చప్పట్లు కొట్టింది. ఇక దిగిన చోటును ఎవరూ తొక్కకుండా కాపాడాలని తీర్మానించాం. సంఘం పేరు రాద్దామని మా అంగడిలోంచి వెంట తెచ్చుకున్న బ్యానరు గుడ్డ, నిప్పు ఎరుపుది, వెదురుగడకు కట్టి పక్కనే ఉన్న కాలవ అంచులో పాతాం. అట్టముక్కమీద 'అనుమతి లేనిదే ఇటు రాకూడదు' అని రాసి కింద రాకెట్ సీలు వేశాను. "ఒద్దక్కా, ఇది వలలు కట్టే చోటు" అన్నది మౌనవ్రతం, కోటా దాటి. "విజ్ఞానం కోసం వలలు నాలుగు రోజులు ఆగలేవా?" అన్నాను నేను. ఆ వాక్యం గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

సోమవారం బడిలో మౌనవ్రతం నా బల్ల ముందు నిలబడింది. వ్రతం పూర్తిగా చెడింది. "తెల్లారితే మా నాయన వంతు. ఆ జెండా కాడే" అన్నది. వంతు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది నాకు. రొయ్యలు బాగా పడే చోట్లు ఆ ఊరికి కొన్నే ఉన్నాయి. ఏడాదికోసారి అందరూ కూర్చుని చీటీలు తీసి, ఏ రోజు ఏ చోటు ఎవరిదో తేల్చుకుంటారు. ఒకరి రోజున ఇంకొకరు వల వెయ్యరు. దానికి పోలీసులు అక్కర్లేదు, కోర్టులు అక్కర్లేదు. కానీ ఆ రోజు వెయ్యలేకపోతే అంతే, మళ్లీ వంతు రావాలంటే ఊరంతా చుట్టి రావాలి. "పోయిన వంతుకు నాయనకు జరం. ఇది గూడా పోతే నన్ను బడి మాన్పించి రొయ్యల షెడ్డుకు తోల్తారు, వొలిచేదానికి. నిన్న రాత్రి అనుకుంటా ఉంటే విన్నా."

"జెండా మనమే పెట్టినామని చెప్పలేదా?"

"చెప్పినా. ఆడపిల్లవు, గమ్మునుండు అన్నారు."

చివరి గంట కొట్టగానే సైకిళ్లెక్కాం. ఊళ్లోకి వెళ్లేసరికి ఊరి పెద్ద, ఇంకో పదిమంది మగవాళ్లు ఇసుకలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. మౌనవ్రతం వాళ్ల నాయన ఒక పక్కగా, వల మడిచి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుని ఉన్నాడు. వాళ్ల అవ్వ చాపమీద ఎండుచేపలు తిరగేస్తోంది. దారి పొడుగునా నేను ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. వీళ్లు గ్రహాంతరవాసులంటే భయపడి ఉంటారు, ఆ మూఢనమ్మకాన్ని పటాపంచలు చెయ్యాలి. గొంతు సవరించుకుని, ఆకాశంనుంచి ఎవరూ దిగలేదనీ, అసలు అటువంటివారు ఉన్నారనడానికి ఆధారాలు లేవనీ మొదలుపెట్టాను. రెండు నిమిషాలు విన్నాక ఊరి పెద్ద పక్కవాడితో, "ఏందిరా ఈ అబ్బోడు చెప్పేది?" అన్నాడు. మౌనవ్రతం వివరించింది. పదకొండు మందీ వలలు పక్కన పడేసి నవ్వారు. "ఆకాశంలోనించి దిగినారా? అవి కొంగల గుంటలు కదరా! పేట పిల్లకాయలు సదువుతా ఉండారా లేదా?"

"మరి అటు ఎందుకు పోవటం లేదు?" అన్నాను బిత్తరపోయి.

నవ్వు ఆగిపోయింది. "జెండా ఉండాది కదప్పా" అన్నాడు ఊరి పెద్ద. రాకెట్ పోయే రోజు నీళ్లమీదికి రావద్దని కబురొస్తుంది, పోరు. ఎక్కడో ఎర్రగుడ్డ కనబడుతుంది, ఏ అధికారులు పాతారోనని అటు పడవ తిప్పరు. తాతలనాటి దెయ్యాలను ఎప్పుడో వదిలేసిన ఆ ఊళ్లో మిగిలిన భయం అదొక్కటే. దాన్నే మేము తెలియకుండా నడినెత్తిన పాతి వచ్చాం.

"ఆ జెండా పెట్టింది మేమే. తీసేస్తాం" అన్నది ప్రెసిడెంటక్క.

"ఆగుమ్మే! పెట్టినోళ్లే తియ్యాల."

"పెట్టినోళ్లం మేమే కదన్నా!"

"మీరు పిల్లకాయలు. ఎవురో పెట్టమంటేనే పెట్టుంటారు. కింద సీలు గూడా ఉండాది. రేపు ఎవురన్నా వొచ్చి యాడరా మా జెండా అంటే మీరొచ్చి నిలబడతారా? కాగితం తెండి."

జేబులో చెయ్యి పెట్టాను. సీలు తగిలింది. నోటుబుక్కులో మధ్య కాగితం చింపి, ఒక తెడ్డుమీద ఆనించి రాశాను. అబద్ధం రాయాలన్న ఆలోచన వచ్చిందని ఒప్పుకుంటాను. 'పై అధికారుల ఉత్తర్వుల మేరకు' అని మొదలుపెడితే ఎంత సులువు! మా మేనమామ మొహం గుర్తొచ్చింది, దాన్ని తోసుకుని మౌనవ్రతం మొహం ఎదురుగానే కనబడింది. ఉన్నదున్నట్టు రాసి సీలు కొట్టి ఇచ్చాను. ఊరి పెద్ద కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పెట్టుకుని చూశాడు. రాత చూడలేదు, రాకెట్టు చూశాడు. "అదీ మాట. సీలు ఉండాది. ఇంగ తియ్యండి" అని మడిచి జేబులో పెట్టుకోబోయాడు. మిగతా పదిమందీ తలలూపారు. చేయి తిరిగిన గుమాస్తాలాగ నేను ఊపిరి పీల్చుకున్నాను.

"అందులో ఏం రాసుండాదో?" అన్నది అవ్వ, చేపలమీదనుంచి తల ఎత్తకుండానే.

"సీలు ఉండాదిలే అవ్వా" అన్నాడు ఊరి పెద్ద.

"సీలు నీకు కనపడతాది, నాకూ కనపడతాది. రాసింది నాకు సదవను రాదు. నీకు వొచ్చు గదా, సదువు. ఏమబ్బయా, రాసినోడివి నువ్వే గదా, నువ్వే సదువు."

అప్పటిదాకా ఎన్నో స్టూళ్లెక్కాను గానీ ఇసుకలో నిలబడి చదివిన ఆ నాలుగు వాక్యాలంత ఎత్తు ఏ స్టూలూ లేదు. "ఈ జెండా మేము ముగ్గురం పెట్టినాం. కొంగలు తొక్కిన గుంటలను చూసి ఆకాశంనుంచి ఎవరో దిగినారని అనుకున్నాం. ఒకరు కాదని చెప్పినా వినలేదు. అక్కడ ఏమీ లేదు, మీ వలలు మీరు వేసుకోండి." ఎవరూ వెంటనే నవ్వలేదు. ఊరి పెద్ద పక్కన పడేసిన తన వలవైపు చూసుకున్నాడు. మూడురోజులు తానూ, తన ఊరూ దేనికి దూరంగా తిరిగారో లెక్క తేల్చుకుంటున్నట్టుంది. అవ్వే మొదట నవ్వింది. "కాదని చెప్పిందెవురు?" అన్నది. నేను మౌనవ్రతంవైపు చూపించాను. వాళ్ల నాయన లేచి, మోకాళ్లలోతు బురదలోకి నడిచి, జెండా పీకి, ఆ బ్యానరు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

బుధవారం టిఫిన్ డబ్బా నిండా రొయ్యల వేపుడు వచ్చింది. అంతరిక్ష అతిథుల ఆహ్వాన సంఘం అత్యవసర సమావేశమై దాన్ని పూర్తిగా తిని, ఏకగ్రీవంగా కార్యదర్శిని మార్చింది. సీలు మౌనవ్రతానికి అప్పగించాను. ఆమె దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు. సీరియల్ పదమూడో భాగంలో ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడామె అదే ఊళ్లో చీటీలు తీసే కూటంలో కూర్చుంటుంది. ఆడవాళ్లు అక్కడ కూర్చోవడం కొత్త. పత్రికలో నా వ్యాసం పడినప్పుడల్లా ఫోను చేస్తుంది. "బాగుండాది. ఈసారన్నా పోయి చూసి రాసినావా?" అంటుంది. నాలుగు మాటల కోటా ఎప్పుడో పోయింది. పోయిన నెల మా వీధి చివర ఎర్ర రిబ్బను అడ్డంగా కట్టి ఉంటే, హేతువాదిని, ఇన్ని పుస్తకాలు రాసినవాణ్ణి, మూడురోజులు చుట్టూ తిరిగి వెళ్లాను. నాలుగోరోజు అడిగితే తేలింది, ఎవరో పుట్టినరోజు పందిరి విప్పుతూ మరచిపోయిన రిబ్బను. ఊదారంగు జేబు పిల్లవాడు ఇంకా నాలోనే ఉన్నాడు, మాటలు నేర్చిన వాడికి చూపు నేర్పడం ఒక జన్మలో అయ్యే పని కాదేమో అని నవ్వుకున్నాను.

మీరు మాత్రం మూడురోజులు ఆగకండి. ఈ పుస్తకం పక్కన పెట్టి లేవండి. మీ ఇంటి చుట్టుపక్కల ఏ గేటుకో, ఏ గుడికో, ఏ కుర్చీకో ఒక ఎర్రగుడ్డ కట్టే ఉంటుంది. వెళ్లి ఎవరు కట్టారని అడగండి. కాగితం చూపిస్తే సీలు చూసి తిరిగి రావద్దు. చూపించినవాడి చేతనే, పదిమంది మధ్యలో, గట్టిగా చదివించండి.